పట్టుపురుగుకు ఉన్న గది పెన్షనరుకు లేదా?

రేకుల షెడ్డుకు తక్కువ ఖర్చుతో ఎండ, చలి కాపుదల
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ దినం. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను అనేది యజమాని దయతో పడేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు హక్కుగా రావలసినదనీ తీర్పు చెప్పింది. ఈ రోజున డి.ఎ. బకాయిలు, పి.ఆర్.సి., హెల్తు కార్డుల గురించి మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు నాకిచ్చిన కొద్ది సమయాన్ని నేను గోడల గురించి, కప్పు గురించి వినియోగించుకుంటాను.

గోడల గురించి మాట్లాడడానికి ఇతనేమన్నా మేస్త్రీయా అని మీకు అనుమానం రావచ్చు. నేను గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైన వాణ్ణి. అయితే ఈ విషయంలో కావలసింది మేస్త్రీతనం కంటే లెక్క. లెక్క మన అందరికీ అలవాటే కదా.

మన సభ్యుల ఇళ్ళకు నేను తరచుగా వెళుతుంటాను. సర్వీసులో ఉండగా లోను పెట్టి కింద మూడు గదులు కట్టుకున్నాం. పిల్లలకు పెళ్ళిళ్ళయినాయి, మనవలు వచ్చినారు, గదులు చాలలేదు. మిద్దె మీద నాలుగంగుళాల ఇటుక గోడలు లేపి, పైన రేకులు కప్పి ఒక గది వేసినాము. ఆ గదిలోకి ఎవరు పోయినారు? చాలా ఇళ్ళలో తాత పోయినాడు, లేకుంటే అవ్వ పోయింది. పల్లెల్లో ఉన్నవారికి తోట దగ్గర రేకుల షెడ్డు, నిలువు బండలు నాటి పైన జింకు రేకులు పరిచిన కొట్టం. నేను ఎవరి కొడుకునీ కోడలినీ తప్పు పట్టడం లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మనం రెండూ చేసి చూసినాము, ఇక మిగిలిన డబ్బులో ఆ గది వచ్చింది. ఆ గది ఏప్రిల్, మే నెలల్లో పెనం, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచుగడ్డ. నా మాటంతా ఆ గది గురించే.

మడకశిర, హిందూపురం, సోమందేపల్లి ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా వేరైనా బంధుత్వాలు పోలేదు. ఆ వైపు పట్టుపురుగులు పెంచే రైతుల షెడ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. పురుగు పిల్లగా, అంటే చాకీ దశలో ఉన్నప్పుడు 27, 28 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ కావాలి. పెద్దదైన తర్వాత 24, 25 డిగ్రీలు, 70, 75 శాతం తేమ చాలు. వేడి 30 దాటి పోతుంటే పురుగు మేత తగ్గిస్తుంది, రోగం తగులుతుంది, గూడు పలచబడుతుంది. అందుకని రైతు షెడ్డు లోపల ధర్మామీటరు వేలాడదీస్తాడు. చుట్టూ వసారా దించుతాడు. రేకుల మీద కొబ్బరి మట్టలు కప్పుతాడు. కిటికీలకు గోనెపట్టలు కట్టి తడుపుతాడు. చలికాలంలో గాలి దూరే సందులు మూసి వెచ్చదనం నిలుపుతాడు. హిందూపురం దగ్గర కిరికెరలో పట్టుపరిశ్రమకు రాష్ట్ర పరిశోధన సంస్థే ఉంది. ఇంత శ్రద్ధ ఎందుకంటే పురుగు దెబ్బతింటే నెల కష్టం మార్కెట్టులో తెలిసిపోతుంది. తాత దెబ్బతింటే ఏ మార్కెట్టులోనూ తెలియదు. పట్టుపురుగుకు చూపే శ్రద్ధలో సగం మనకు మనం చూపుకుంటే చాలునని నా మనవి.

ఇది హాస్యానికి చెప్పడం లేదు. 2015 వేసవిలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయినారు. ఎండదెబ్బ అనగానే మనకు రోడ్డు మీద పడిపోయిన మనిషి గుర్తొస్తాడు. ఇంట్లో ఉన్న వృద్ధులకు కూడా అది తగులుతుంది. వయసు మీద పడితే దాహం తక్కువగా తెలుస్తుంది, చెమట తక్కువ పడుతుంది, బి.పి. మాత్రల్లో కొన్ని ఒంట్లోని నీటిని తీసివేస్తాయి. పైన ఫ్యాను తిరుగుతున్నది కదా అనుకుంటాము. గదిలో గాలి 40 డిగ్రీలు దాటిన తర్వాత ఫ్యాను చల్లబరచదు, వేడిగాలిని ఒంటికి కొడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ హెచ్చరిక చేసింది. ఏటా మనం ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాము. వచ్చే ఏడు కూడా ఆ సర్టిఫికెట్ మనమే వెళ్ళి ఇవ్వాలంటే ముందు ఈ వేసవి దాటాలి.

ఇప్పుడు లెక్కకు వస్తాను. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గది అనుకోండి. కప్పు 120 చదరపు అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. వేసవి మధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. మొత్తం 11 వేల వాట్లు. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె 1000 వాట్లు. అంటే మన తలమీద పదకొండు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి పెట్టినట్టు. పాతబడి నల్లబడిన రేకు ఇందులో ఎక్కువ భాగం తాగేస్తుంది. తెల్లటి కప్పు ఎక్కువ భాగం తిప్పి ఆకాశానికే పంపేస్తుంది. ఈ ఒక్క లెక్క అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

ఇనుప రేకు వేడిని ఎంత వేగంగా దాటిస్తుందంటే, కదలని గాలితో పోలిస్తే దాదాపు 2000 రెట్లు. రేకును రెండింతలు మందం చేసినా ఉపయోగం లేదు. నాలుగంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం తిన్న ఎండను సాయంత్రం మనం పడుకునే వేళకు లోపలికి తెచ్చి ఇస్తుంది. చలికాలం రాత్రి ఇదే తిరగబడుతుంది. మబ్బులేని మన ఆకాశానికి రేకు తన వేడినంతా వదిలేసి, బయటి గాలికంటే కూడా చల్లబడుతుంది. మన ఊపిరిలోని ఆవిరి దాని అడుగున పట్టి బొట్లుగా దుప్పటి మీద పడుతుంది. ఎండను ఆపే గోడే చలినీ ఆపుతుంది. ఒకే ఖర్చు, రెండు కాలాల లాభం.

కదలని గాలి వేడిని దాటనివ్వదని చెప్పినాను కదా. మన బొంతలో, కంబళిలో ఉన్న కిటుకు అదే. గుడ్డకంటే గుడ్డల మధ్య చిక్కుకున్న గాలి మనకు వెచ్చదనం ఇస్తుంది. కాఫీ ఫ్లాస్కు కూడా ఇదే దారిలో ఇంకొక అడుగు. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే స్కాట్లండు శాస్త్రజ్ఞుడు రెండు గాజు గోడలు పెట్టి, మధ్య గాలిని కూడా తీసివేసి, గోడలకు వెండిపూత పూసినాడు. మనం గాలిని తీసివేయలేము. రెండు గోడలు పెట్టగలము, పూత పూయగలము. మంచుదేశాలలో ఇళ్ళకు రెండు పొరల గోడలు కట్టి మధ్యలో గడ్డో, నారో, నురుగు పలకలో కూరడం ఇందుకే.

మన పెద్దలకు ఇది తెలియక కాదు. ఈ జిల్లా పల్లెల్లో చవుడు మిద్దెలు ఉండేవి, కొన్ని ఇంకా ఉన్నాయి. అడుగున్నర, రెండడుగుల మట్టిగోడ. వేప దూలాలు, వాటిమీద దంతెలు, వాటిమీద బండలో కట్టెలో పరిచి, మందంగా మట్టి తొక్కించి, పైన చవుడు పరిచేవారు. చవుడు మట్టి వాన చుక్క పడగానే ఉబ్బి సందులు మూసుకుంటుంది, నీరు దిగనివ్వదు. అంత మట్టిని ఎండ దాటి లోపలికి రావడానికి సగం రోజు పడుతుంది. వచ్చేసరికి బయట చల్లబడి ఉంటుంది, మనం ఆరుబయట మంచం వేసుకుని ఉంటాము. బ్రిటిషు కాలంలో కట్టిన తాలూకా కచ్చేరీలు కూడా మందపు గోడలతో, ఎత్తయిన మద్రాసు మిద్దెతో ఉండేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మనలో చాలామంది అద్దె కొంపల్లో పని చేసినాము. నేను పనిచేసిన ఒక చోట పైకప్పు రేకులే. మే నెలలో స్టాంపు ప్యాడులో సిరా పన్నెండు గంటలకల్లా ఎండిపోయేది. రెండు రకాల కప్పుల కిందా ఉద్యోగం చేసిన మనకు తేడా చెప్పవలసిన పనిలేదు.

అలాగని మళ్ళీ చవుడు మిద్దెలు కట్టమని నేను చెప్పను. వేప దూలం దొరకదు, ఏటా చవుడు తోలించే మనిషి దొరకడు, ముసురు పట్టి నాలుగు రోజులు వాన కురిస్తే మిద్దె ఉరుస్తుంది, పాతబడితే కూలుతుంది. ఆ మిద్దె చేసిన పనిని ఈ రేకుల గది చేత ఎంతవరకు చేయించవచ్చో అది చూద్దాం. ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా చెబుతాను. పై మెట్టు ఎక్కే ముందు కింది మెట్టు పూర్తి చేయాలి. థర్మోకోల్ కొని తెచ్చి, కప్పు మాత్రం నల్లగా వదిలేసిన ఇళ్ళు నేను చూసినాను. అది కుండకు చిల్లి ఉంచి నీళ్ళు పోయడమే.

మొదటి మెట్టు నీడ. దీనికి ఏ గోడకు నీడ కావాలో తెలుసుకోవాలి. అనంతపురంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ చివరలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు. కనుక వేసవిలో దక్షిణపు గోడకు పెద్దగా ఎండ తగలదు. కాల్చేది ముఖ్యంగా కప్పు, ఆ తర్వాత పడమటి గోడ, ఆ తర్వాత తూర్పు గోడ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి దిగుతాడు, అప్పుడు దక్షిణపు గోడకు పగలంతా ఎండ కాస్తుంది. అది మనకు మంచిదే. కాబట్టి డబ్బు తక్కువ ఉంటే పడమటి గోడకు పెట్టండి, దక్షిణపు గోడ జోలికి పోకండి.

పడమటి గోడకు జానెడు దూరంలో నాలుగు గుంజలు నాటి, కందికట్టె తడికగానీ, ఈతాకు తడికగానీ, నర్సరీల్లో వాడే ఆకుపచ్చ వలగానీ కట్టండి. గోడకు అంటించి కట్టకూడదు. మధ్యలో గాలి కిందనుంచి దూరి పైనుంచి పోవాలి. వంటింటి నీళ్ళు అటు వదిలి చిక్కుడో, దొండో, సొరో పాకించినా సరే. తీగ వేసవిలో నీడ ఇస్తుంది, మధ్యలో కూర కూడా ఇస్తుంది. జూన్, జూలై నెలల్లో మన గాలి సంగతి మీకు తెలుసు, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. కనుక తడికను గట్టి తీగతో కట్టించాలి.

రెండవ మెట్టు తెలుపు. సిమెంటు రేకులకు, బండలకు, మట్టి, ఇటుక గోడలకు సున్నం చాలు. రాతి సున్నాన్ని డ్రమ్ములో నీళ్ళు పోసి ఒక రాత్రి, వీలైతే ఇంకా ఎక్కువ నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త బంక కలిపి రెండు పూతలు వేయించండి. జింకు రేకులకు మాత్రం సున్నం వద్దు. అంటుకోదు, పొరలుగా ఊడుతుంది, తడి తగిలితే జింకు పూతను తింటుంది. సున్నంలో ఉప్పు కలిపే అలవాటు కొందరికి ఉంది, అది ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. జింకు రేకుకు బయట వాడే తెల్లని పెయింటే వేయాలి. తెల్లని కప్పు వల్ల గది లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుందని చెబుతారు. అహ్మదాబాదు నగరం 2013లో వేడి నుంచి ప్రజలను కాపాడే ప్రణాళిక తెచ్చింది, తర్వాత పేదల ఇళ్ళ కప్పులకు తెల్లపూత వేయించింది. మన పక్కన తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే ప్రకటించింది. మూడు డిగ్రీలు అంటే తక్కువ అనుకోకండి. జ్వరం 99కీ 102కీ మధ్య కూడా మూడు డిగ్రీలే, అవి ఫారన్‌హీటు డిగ్రీలు. మన మూడు సెంటీగ్రేడు డిగ్రీలు అంతకంటే పెద్దవి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత క్యాన్సరు రావచ్చు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం గురించి 1995లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. కాబట్టి ఆ రేకులను గీకవద్దు, కోయవద్దు, చిల్లులు పొడవవద్దు, పొడిగా చీపురుతో ఊడ్వవద్దు. నీళ్ళు చల్లి, అలాగే పూత వేయించండి. పూత వేస్తే నార కూడా అణిగి ఉంటుంది. రెండో హెచ్చరిక. మనమెవ్వరమూ రేకుల మీదికి ఎక్కవద్దు. పాత రేకు చూపుకు గట్టిగా ఉంటుంది, కాలు పెడితే విరుగుతుంది. అలవాటున్న కుర్రవాణ్ణి పిలిచి, పలక వేయించి, దాని మీద నడిపించండి. సున్నం కళ్ళలో పడకుండా చూసుకోమని చెప్పండి.

మూడవ మెట్టు లోపలి కప్పు. రేకుకు అడుగున జానెడు కిందుగా ఇంకొక పొర కట్టాలి. వెదురు చాప, ఈత చాప, లేదా గోనెసంచులు విప్పి కుట్టి పలచగా సున్నం పూసిన పట్ట, ఏదైనా సరే. రేకు వేడి నేరుగా మన నెత్తి మీదికి దిగకుండా ఈ పొర అడ్డుపడుతుంది. వేసవిలో ఆ జానెడు సందులోని వేడిగాలి బయటకు పోవడానికి రెండు చివరలా పైన రంధ్రాలు ఉంచాలి, పిట్టలు, ఎలుకలు దూరకుండా జాలీ కొట్టాలి. చలికాలంలో ఆ రంధ్రాలను గుడ్డ కూరి చాలావరకు మూయవచ్చు. పూర్తిగా బిగిస్తే ఆవిరి పట్టి చాప బూజు పడుతుంది. తడిసిన చాప, తడిసిన గోనె ఎండనూ ఆపవు, చలినీ ఆపవు. కనుక పొరను రేకుకు తగలనీయకుండా ఉంచడం ముఖ్యం.

నాలుగవ మెట్టు లోపలి గోడ. గోడ జింకు రేకైతే, దానికి రెండంగుళాలు ఎడం ఇచ్చి లోపలివైపు కందికట్టె తడిక నిలిపి, దానికి మట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి మెత్తాలి. రెండంగుళాల సందు చాలు. ఎక్కువ ఉంచితే లోపలి గాలి గిరగిర తిరుగుతుంది, లాభం పెరగదు. చోటు ఉన్నవారు పడమటి గోడకు లోపలివైపు పచ్చి మట్టి ఇటుకలతో తొమ్మిదంగుళాల గోడ పెట్టుకోవచ్చు, నేల మీద కట్టిన షెడ్డు అయితేనే. మిద్దె మీది గదిలో అంత బరువు పెట్టకూడదు. అక్కడ తేలికైనవే వాడాలి.

తేలికైన వాటిలో థర్మోకోల్ గొప్పది. ఒక అంగుళం థర్మోకోల్ వేడిని ఆపడంలో సుమారు ఇరవై అంగుళాల ఇటుక గోడకు సాటి. ఎండుగడ్డి దానిలో సగం పని చేస్తుంది. మన జిల్లాలో శెనక్కాయ పొట్టు దండిగా దొరుకుతుంది, దాన్ని సంచులకెత్తి గోడ పక్కన పేర్చవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. వేడిని ఆపుతుంది, నిజమే. కానీ థర్మోకోలైనా, గడ్డైనా, పొట్టైనా నిప్పుకు చుట్టాలే. వాటిని బయటికి కనబడేటట్టు వదలకూడదు. పైన మట్టి మెత్తాలి, లేదా సిమెంటు పలక బిగించాలి. వంటపొయ్యి, దీపారాధన, కరెంటు తీగలు ఉన్నవైపు అసలు వద్దు. పొట్టుకు ఎలుక, చెద భయం అదనం. థర్మోకోల్ కాలితే వచ్చే పొగే మనిషిని పడేస్తుంది.

కొత్తగా గది కట్టబోయేవారికి ఇంకొక మాట. కేరళలో పని చేసిన లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఎలుకబోను కట్టు అనే ఇటుక పనిని బాగా ప్రచారం చేసినాడు. ఇటుకలను పడుకోబెట్టకుండా పక్కవాటుగా నిలబెట్టి, మధ్యలో బోను లాంటి ఖాళీ ఉంచి కడతారు. తొమ్మిదంగుళాల గోడే వస్తుంది, ఇటుక సుమారు నాలుగో వంతు మిగులుతుంది, మధ్యలో గాలి ఉచితం. కాకపోతే పని తెలిసిన మేస్త్రీ కావాలి. కట్టేముందు ఒక మూర గోడ కట్టి చూపించమని అడగండి.

మీలో ఎవరైనా, ఇంత తతంగం ఎందుకు, కప్పు మీద నీళ్ళు చల్లితే పోలేదా అనవచ్చు. చల్లబడుతుంది. మనది పొడిగాలి కాబట్టి ఇంకా బాగా చల్లబడుతుంది. కానీ మనది ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే సీమ. మండే ఏప్రిల్‌లో బిందె నీళ్ళకోసం ట్యాంకరు దగ్గర నిలబడిన ఆడవాళ్ళ ముందు మనం రేకుల మీద నీళ్ళు పోయడం న్యాయం కాదు. పోసినా పది నిమిషాలకు ఆరిపోతాయి. నీళ్ళు వాడదలిస్తే కిటికీకి ఒక గోనెపట్ట కట్టి తడపండి, చెంబెడు నీళ్ళతో పోతుంది. అది కూడా ఎదురు కిటికీ తెరిచి ఉంచినప్పుడే. లేకుంటే గది ఉక్కపోస్తుంది. ఎండిన దేశంలో గోడకు పొడి కాపుదలే సరైనది. ఒకసారి ఖర్చు పెడితే నీళ్ళు అడగదు, కరెంటు అడగదు, కరెంటు పోయిన రోజు కూడా పని చేస్తుంది.

గోడ బాగుచేసినాక గదిని వాడుకునే పద్ధతి కూడా మారాలి. వేసవిలో పొద్దున ఎనిమిదింటికల్లా పడమటి, తూర్పు కిటికీలు మూసి తెరలు దించాలి. సాయంత్రం బయట చల్లబడినాక అన్నీ తెరవాలి. మనం చేసేది సాధారణంగా దీనికి వ్యతిరేకం. పగలు గాలి ఆడాలని తెరుస్తాం, రాత్రి దోమలని మూస్తాం. దోమలకు వల కొట్టించండి, కిటికీకి శిక్ష వేయకండి.

చలికాలానికి ఒక్క మాట. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు కొన్ని 15 డిగ్రీల కిందికి పోతాయి, ఎత్తు మీద ఉన్న హిందూపురం, మడకశిర వైపు ఇంకా చల్లగా ఉంటుంది. కొడైకెనాలుతో పోలిస్తే ఇదేం చలి అని నవ్వవద్దు. అరవై, డెబ్బై దాటిన మోకాళ్ళకు, ఉబ్బసం ఉన్న రొమ్ముకు ఇదే చాలు. రేకుకూ గోడకూ మధ్య అలల సందులుంటాయి, చలిగాలి దూరేది అక్కడినుంచే. మట్టి, కొబ్బరిపీచు కలిపి ఆ సందులు పూడ్చండి. తలుపు కింద సందుకు పాత గుడ్డ చుట్టి పెట్టండి. మంచాన్ని బయటి గోడకు జానెడు దూరం జరపండి. అయితే అన్నీ బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని మాత్రం ఎప్పుడూ పడుకోవద్దు. కుంపటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోతారు. పట్టుపురుగుల షెడ్డులో కుంపటి పెట్టే రైతు కూడా బయట నిలబడతాడు, లోపల పడుకోడు.

పనులు మొదలుపెట్టే ముందు ఒక చిన్న ధర్మామీటరు కొని గోడకు తగిలించండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి చూసి నోటుపుస్తకంలో రాయండి. రిజిస్టరు రాయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్కో మెట్టు తర్వాత ఎన్ని డిగ్రీలు తగ్గిందో మీ పుస్తకమే చెబుతుంది. నీడ, తెలుపుతోనే సరిపోతే మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంచుకోండి. పిల్లలతో మాట్లాడేటప్పుడు కూడా ఆ పుస్తకం పనికి వస్తుంది. పై గది వేడిగా ఉంది నాయనా అంటే, నీకెప్పుడూ ఇదే గోల అంటారు. మూడు గంటలకు 41 డిగ్రీలు, ఇదిగో పదిరోజుల లెక్క అని చూపిస్తే, వాళ్ళు కూడా చదువుకున్నవాళ్ళే, అర్థం చేసుకుంటారు. అన్నీ చేసినా నలభై దిగకపోతే, ఏప్రిల్, మే నెలలు మధ్యాహ్నం పూట కింది గదిలో పడుకుంటానని నిర్మొహమాటంగా అడగండి. అందులో నామోషీ లేదు. ఆ కింది గది కట్టింది మన జీతంతోనే.

చివరిగా మన సంఘానికి మూడు మనవులు చేసి సెలవు తీసుకుంటాను. ఒకటి, రేకుల గదుల్లో ఒంటరిగా ఉంటున్న సభ్యుల, కుటుంబ పెన్షనర్ల పేర్లు వార్డువారీగా ఒక జాబితా తయారు చేద్దాం. రెండు, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఆ వెంటనే ఎండ మొదలవుతుంది. శివరాత్రి నుంచి ఉగాది లోపల ఆ జాబితాలో ఉన్న ప్రతి కప్పుకూ తెల్లపూత పడేటట్టు చూద్దాం. సున్నం బస్తాలు, పెయింటు డబ్బాలు ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, ఒక కుర్రవాడికి పది ఇళ్ళ పని ఒక్కసారి ఒప్పజెబితే కూలీ కూడా తగ్గుతుంది. మూడు, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు గంటలకు ఆ జాబితాలోని వారికి రోజుకొకరు ఫోను చేసి, నీళ్ళు తాగినారా, గదిలో ఎన్ని డిగ్రీలు ఉంది అని అడుగుదాం. ఈ మూడో పనికి సున్నం కూడా అక్కరలేదు. మొదటి వారం ఫోన్లు చేసే బాధ్యత నేను తీసుకుంటాను. రెండో వారానికి ఎవరు ముందుకు వస్తారో సభ అయినాక కార్యదర్శి గారికి పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.